అతుకు పక్కన చుక్క

మా అమ్మ రాయించిన కార్డు రాజంపేటకు చేరేసరికి ఆయన పోయి ఐదు రోజులైంది. పక్కింటి పిల్లవాడి చేతిరాత. ఆచారి మామ తెల్లవారుజామున నిద్రలోనే పోయాడని, పదకొండో దినానికి వీలైతే రమ్మని, మూడే మూడు వాక్యాలు. చావు కబురు తెచ్చిన కార్డును ఇంట్లో ఉంచకూడదు. చదవగానే చించి బయట పారెయ్యాలి. నేను చించలేదు. బడి సంచిలో లెక్కల పుస్తకం మధ్య పెట్టుకున్నాను. ఆయనకు సంబంధించినది దేన్నైనా చించి పారేసే మొహం నాకు లేదనిపించింది.

ఆయన మైదుకూరులో బంగారం పని చేసే ఆచారి. మాకు చుట్టం కాదు. మాది సేద్యగాళ్ల ఇల్లు. రెండిళ్లకూ మధ్య ఒక్క గోడే కాబట్టి, నాకు మాటలు వచ్చినప్పటి నుంచీ ఆయన మామ, ఆయన భార్య అత్త. ఇది చదివేవాళ్లలో ఆయన్ను ఎరిగినవాళ్లు ఎక్కువమంది ఉండరు. ఎరిగిన కొద్దిమందికీ ఆయన గురించి ఒక అబద్ధం తెలుసు. ఆ అబద్ధం పుట్టించినదాన్ని నేను. మంచి మనిషిని తలుచుకుని నాలుగు మాటలు రాయడం వేరు, ఇది వేరు. అయినా ముందు ఆయన ఎలాంటివాడో చెప్పాలి. లేకపోతే నేను చేసిన పని ఎంతటిదో మీకు తెలియదు.

ఆయన నగలు చేయడమే కాదు, బంగారం వన్నె చూసి చెప్పేవాడు. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరు నగ కొన్నా, అమ్మినా, అన్నదమ్ములు పంచుకున్నా, ఆయన అరుగు మీదికే వచ్చేవాళ్లు. ఆయన దగ్గర అరచేతిలో పట్టేంత నల్లని గీటురాయి ఉండేది. దాని మీద నగను గీస్తే సన్నని పచ్చని గీత పడుతుంది. పక్కనే, ఎంత వన్నెదో ముందే తెలిసిన బంగారు కడ్డీతో ఇంకో గీత గీసేవాడు. రెండింటి మీదా గాజుపుల్లతో ద్రావకం అద్దేవాడు. మేలిమి అయితే గీత అలాగే నిలుస్తుంది. రాగో వెండో ఎక్కువ కలిసి ఉంటే పాలిపోతుంది, ఒక్కోసారి పూర్తిగా పోతుంది. చూడడం అయ్యాక రాయిని మైనం ముద్దతో తుడిచేవాడు. గీతల్లోని బంగారమంతా ఆ మైనానికి అంటుకునేది. ఏళ్ల తరబడి తుడిచి తుడిచి ఆ ముద్ద మురికిగా, అక్కడక్కడా మెరుస్తూ ఉండేది.

ఈ పనికి ఆయన పెట్టుకున్న నియమాలు చూస్తే నాకు నవ్వు వచ్చేది. ఎండ నేరుగా పడని పొద్దుటి వెలుతురులోనే చూస్తాడు. సాయంత్రం ఎవరైనా వస్తే, ఈ వెలుతురులో ఇత్తడి కూడా ముద్దొస్తుంది, రేపు రండి అని పంపేస్తాడు. అమ్మేవాడూ కొనేవాడూ కస్సుబుస్సుమంటూ వస్తే ముందు ఇద్దరికీ చెంబుతో నీళ్లు ఇప్పిస్తాడు. వాళ్లు తాగి, మూతి తుడుచుకుని, కాస్త మెత్తబడితే గానీ రాయి బయటికి రాదు. ఏ నగనైనా మూడు చోట్లకు తక్కువ కాకుండా గీస్తాడు. ఒకే నగను అన్నిసార్లు గీయడం ఎందుకని నేను ఒకసారి అడిగాను.

"బంగారానికి అబద్ధం రాదు పాపా," అన్నాడు. "మనకే అడగడం రాదు. అందుకే మూడు తూర్లు అడుగుతాండా."

పెద్దాయన ఆర్భాటం అనుకున్నాను. అప్పటికి నేను కడపలో ట్రైనింగు పూర్తి చేసి, మా ఊరి బడిలోనే టీచరుగా చేరాను. ఆ వీధిలో ఉద్యోగం చేసే మొదటి ఆడపిల్లను. నేను చేరిన రోజు ఆయన తన అరుగు మీద నుంచే, ఇక నుంచి నిన్ను టీచరమ్మా అని పిలవాలేమో అని ఆటపట్టించాడు. కానీ పిలుపు మార్చలేదు. పాపా అనే అనేవాడు. నా చెవి కమ్మకు మర వదులైతే చూపించిన నిమిషంలో సరిచేసి, మళ్లీ ఎవరిని చూసి తల ఊపుతావు, కమ్మ ఊడిపోతుంది అని ఎగతాళి చేసేవాడు.

ఇంకో నియమం కూడా ఉండేది. తాను చేసిన నగను తాను ఎప్పుడూ గీసి చూపడు. ఎవరైనా అనుమానపడితే రాయి వాళ్ల చేతికే ఇస్తాడు, లేదా ఇంకో ఆచారి దగ్గరికి పొమ్మంటాడు. తన సరుకుకు తానే సాక్ష్యం చెప్పుకోవడం ఆయన లెక్కలో తప్పు. గీసినవాళ్లే చెప్పాలి. ఈ సంగతి మా వీధిలో పసిపిల్లకు కూడా తెలుసు. నాకూ తెలుసు.

వానలు లేక వరసగా పంటలు పోయిన సంవత్సరాలవి. మెట్ట ఊళ్లలో గంజి కేంద్రాలు పెట్టారు. ఎద్దులు ముందే అమ్ముడుపోయాయి, తరవాత ఆడవాళ్ల ఒంటి మీది నగలు బయటికి వచ్చాయి. సంత రోజుల్లో ప్రొద్దుటూరు నుంచి ఒక వర్తకుడు వచ్చి మామ అరుగు మీద కూర్చునేవాడు. మామ వన్నె చెబితే వర్తకుడు కొనేవాడు. అవ్వల కాలం నుంచీ మేలిమి అని నమ్మిన నగ గీటురాయి మీద పాలిపోతుంటే ఎవరికి మాత్రం బాధ ఉండదు? వర్తకుడితో కుమ్మక్కై ఆచారి తక్కువ చేసి చెబుతున్నాడని సణుగుడు మొదలైంది. ఒకరిద్దరు నా దగ్గరికి వచ్చి, నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చూడకూడదా అన్నారు. ఆ మాట నాకు ఎంత తీయగా తగిలిందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆయన్ను అనుమానించానని కూడా చెప్పలేను. నిజం తేల్చాలన్న ఆరాటం నాకు లేదు. పదిమంది ముందు తెలివి చూపించాలన్న ఆరాటం ఉంది.

హైస్కూలు సైన్సు పంతులును అడిగి చిన్న సీసాలో నత్రికామ్లం తెచ్చుకున్నాను. మామ వాడే ద్రావకం కూడా అదే. పేరు మాత్రం నాది గొప్ప. సంత రోజు పొద్దున, మా అమ్మ చేతి గాజుల్లో ఒకటి తీసుకుని మామ అరుగు ఎక్కాను. అది ఆయన చేసిందే. ఎనిమిది తొమ్మిది మంది ఉన్నారు, వర్తకుడూ ఉన్నాడు. ఈ గాజు వన్నె నేను చూస్తాను, రాయి ఇవ్వమని అడిగాను. ఆయన మైనంతో రాయిని తుడిచి, పంచె అంచుతో మళ్లీ ఒకసారి తుడిచి, నా చేతికిచ్చాడు.

పైన గీస్తే గాజు అందం చెడుతుందని నేను లోపలి వైపు తిప్పాను. అక్కడ ఆవగింజలో సగం ఉండే ఒక చుక్క ఉంది. ఆయన చేసిన ప్రతి గాజుకూ ఆ చుక్క ఉంటుంది. అది ఆయన పనికి గుర్తు అని మేమంతా అనుకునేవాళ్లం. ఆయన గుర్తు పక్కనే పరీక్ష చేస్తే ఇంకా బాగుంటుందని సరిగ్గా ఆ చుక్క పక్కన గీశాను. ఆమ్లం అద్దాను. అందరూ మెడలు చాచి చూస్తుండగా ఆ గీత ఆకుపచ్చగా మారి, పలచబడి, పోయింది.

"పాపా," అన్నాడు మామ, నెమ్మదిగా. "ఇంకో రెండు చోట్ల గీయి."

"ఒక్క ముద్దతో చేసిన గాజే కదా మామా? యాడ గీసినా ఒకటే కదా?" అన్నాను. గట్టిగానే అన్నాను, తరగతిలో చివరి వరసకు వినిపించేలా.

ఎవరో నవ్వారు. ముందు వరసలో ఉన్న ఒకామె, ఆయనకు చూపడానికి విప్పిన తన గొలుసును మళ్లీ కొంగున కట్టుకుంది. ఆయన నా వైపు చూశాడు. కోపం కాదు. నేను ఇంకేమైనా చేస్తానేమోనని ఎదురుచూసినట్టు చూశాడు. నేనేమీ చేయలేదు.

"సరే టీచరమ్మా," అని రాయి తీసుకున్నాడు.

ఆ తరవాత ఆయన నన్ను మళ్లీ పాపా అనలేదు.

సంత ముగిసేలోపే ఆ మాట ఊరంతా తిరిగింది. గోడ పక్క ఇంటివాళ్ల గాజులోనే కల్తీ చేశాడు, ఇక మన సంగతేంటి అన్నారు. మరుసటి సంతకు వర్తకుడు బజారులో ఇంకొకరి అరుగు వెతుక్కున్నాడు. వన్నె చూపించుకోవడానికి వచ్చేవాళ్లు ముందు మానేశారు, నగలు చేయించుకునేవాళ్లు తరవాత. చివరికి పెళ్లికి పుస్తెలు చెయ్యమని కూడా ఆయన్ను అడగలేదు. పుస్తెలు చేసిచ్చే రోజు ఆయన తలస్నానం చేసి, పూజ చేసి, ఉత్త కడుపుతో కుంపటి ముందు కూర్చునేవాడు. ఆ పూజ సాంబ్రాణి పొగ మా పెరట్లోకి వస్తే ఊళ్లో ఎవరిదో పెళ్లని మాకు తెలిసేది. ఆ ఏడాది పెళ్లిళ్లు జరిగాయి, పొగ రాలేదు. ఆయన పక్కన కూర్చుని పని నేర్చిన కొడుకు, కర్నూలు రాజధాని అయి డేరాల్లో ఆఫీసులు పెట్టినప్పుడు అక్కడ అటెండరుగా చేరిపోయాడు. ఆ రాజధాని హైదరాబాదుకు మారినప్పుడు దానితో పాటు ఇంకా దూరం వెళ్లాడు.

ఇదంతా జరుగుతుంటే నేను ఏమనుకున్నానో కూడా చెప్పాలి. తప్పు చేశాడు, అనుభవిస్తున్నాడు అనుకున్నాను. కొంచెం జాలి కూడా పడ్డాను. ఆ జాలి గుర్తొస్తే నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

ఏడాది తరవాత మా అమ్మ ఆ రెండు గాజులూ కరిగించి నాకు కొత్తవి చేయించమంది. గోడ అవతలే ఆచారి ఉన్నా, వాటిని పట్టుకుని బస్సెక్కి ప్రొద్దుటూరు వెళ్లాను. అక్కడ వన్నె చూసే పెద్దాయన నేనేమీ చెప్పకుండానే ఒక్కో గాజును మూడు చోట్ల గీశాడు. ద్రావకం అద్దాడు. ఆరు గీతలూ నిలిచాయి. మంచి సరుకు, ఎవరు చేశారని అడిగాడు. తరవాత ఒక గాజును లోపలికి తిప్పి, కళ్లద్దాలు పైకి నెట్టి, నా గీటును వేలితో తడిమాడు.

"ఈడ గీసిందెవురమ్మా?"

ఎవరో అన్నాను. చూశారా, అక్కడ కూడా నిజం చెప్పలేదు.

"అతుకు మీద గీసినారు," అన్నాడు. "అతుకు పెట్టే బంగారంలో రాగి కలపాల. లేకుంటే అది గాజు కన్నా ముందు కరగదు, గాజే కరిగిపోతాది. అతుకు మీద గీస్తే వన్నె తక్కువే చూపిస్తాది మరి. చేసినాయన పక్కనే చుక్క పెట్టి చెప్పినాడు గదా, అతుకు ఈడ ఉండాది, ఈడ చూడొద్దండి అని. ఇట్లా చుక్క పెట్టేవాళ్లు శానా తక్కువమ్మా. వీటిని కరిగించొద్దు."

కరిగించలేదు. బస్సులో వస్తూ ఆ గాజును గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాను. తన పనిలో ఎక్కడ వన్నె తక్కువో ఎవరూ అడగకుండానే చుక్క పెట్టి చూపించిన మనిషి ఆయన. నేను ఆ చుక్కనే వెతికి పట్టుకుని, దాని పక్కనే గీసి, ఆయన్ను దొంగను చేశాను. ఇంకో రెండు చోట్ల గీయి అన్నాడు. ఎంతసేపు పట్టేది? నీళ్లు తాగినంతసేపు.

ఇంటికి కూడా పోకుండా ఆయన దగ్గరికి వెళ్లాను. పెరటి గుమ్మం నుంచి వెళ్లాను. వీధి గుమ్మం నుంచి కాదు. బంగారం చేసిన చేతులతో ఆయన చిల్లు పడిన ఇత్తడి బిందెకు మాటు వేస్తున్నాడు. అత్త చింతపండు గింజలు తీస్తోంది. నేను ఏడుస్తూ అంతా చెప్పాను. ఆయన సుత్తి పక్కన పెట్టి విన్నాడు. తెలుసు అన్నాడు. మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను. నా తప్పులో కొంత ఆయనకు పంచుదామని అడిగానేమో.

"నేను చేసిన గాజు, నేనెట్ల చెప్తా?" అన్నాడు. "గీసినోళ్లే చెప్పాల." సుత్తి మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "ఈ మాట ఈడ కాదు టీచరమ్మా. సంత పొద్దు అరుగు మీద చెప్పు. నలుగురు ఉన్నప్పుడు. నాకు అంతే చాలు."

వచ్చే సంతకే చెబుతానని మాటిచ్చాను. ఆయన తల ఊపాడు. ఆ మాట పట్టుకుని ఆ పూట హాయిగా అన్నం తిన్నాను.

వచ్చే సంతకు బడిలో పరీక్షలు. ఆ తరవాతి సంతకు అమ్మకు జ్వరం. ఇంకో సంతకు ఉతికిన చీర కట్టుకుని వీధి గుమ్మం దాకా వచ్చాను కూడా. ఎదురుగా నా తరగతి పిల్లల తండ్రులు ఇద్దరు బీడీలు కాల్చుకుంటూ నిలబడి ఉన్నారు. టీచరుకే తెలియదంట అని వాళ్లు నవ్వుకుంటారనిపించింది. లోపలికి తిరిగి వెళ్లి చీర మార్చుకున్నాను. ఆయనకు వన్నె పోయినా పరవాలేదు, నాకు పోకూడదు. నేను చేసింది అదే, దానికి ఇంకో పేరు లేదు. కొన్నాళ్లకు రాజంపేటకు బదిలీ అయింది. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను మాత్రం లోలోపల ఊపిరి పీల్చుకున్నాను. సెలవులకు వచ్చినప్పుడల్లా ఆయన కనిపించేవాడు. ఎప్పుడూ అడగలేదు. బాగుండావా టీచరమ్మా అనేవాడు, నా చేతికున్న ఆ గాజుల వైపు ఒకసారి చూసేవాడు, అంతే. అలా నాలుగేళ్లు గడిచాయి.

పదకొండో దినాన భోజనాలయ్యాక మగవాళ్లు అరుగు మీదికి చేరారు. వీధిలోనూ కొందరు ఉన్నారు. గుండు చేయించుకున్న తలతో కొడుకు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను వీధి గుమ్మం నుంచే వెళ్లి, ఆ అరుగు మీద నిలబడి, చెప్పాను. మొదటి నుంచీ చివరి దాకా చెప్పాను. గాజు తీసి చుక్క చూపించాను. అందరూ విన్నారు. మా వీధి పెద్దమనిషి ఒకాయన గాజు తీసుకుని, అటూ ఇటూ తిప్పి, చూడకుండానే మర్యాదగా నా చేతిలో పెట్టాడు.

"పోయినాయన మీద మంచిమాట చెప్పినావు టీచరమ్మా," అన్నాడు. "శానా సంతోషం. అట్లనే చెప్పాల."

మంచిమాట కాదని, నిజమని మళ్లీ అన్నాను. నిజమేలేమ్మా అన్నారు ఇంకెవరో, జాలిగా. దినాల నాడు ఎవరైనా అలాంటి మాటలే చెబుతారు కదా. పోయినవాళ్లలో చెడ్డవాళ్లు ఎవరూ ఉండరు. కాసేపటికి మాట వానల మీదికి మళ్లింది. కొడుకు ఒక్కడే తల ఎత్తి నన్ను చూశాడు. చూసి మళ్లీ దించుకున్నాడు. ఆయన బతికి ఉండగా చెప్పి ఉంటే, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, రాయి తెప్పించి గీసి చూసేవాళ్లు. ఇప్పుడు ఎవరికీ ఆ అవసరం లేదు. అందుకే ఇది రాసి అచ్చుకు ఇస్తున్నాను. ఆ గాజు నా దగ్గరే ఉంది. ఎవరైనా వచ్చి గీసి చూసుకోవచ్చు, చుక్క పక్కన ఒకసారి, ఇంకెక్కడైనా రెండుసార్లు.

అందరూ వెళ్లాక అత్త దగ్గర కూర్చున్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె ఏదో పని చెబుతున్నట్టు మామూలుగా చెప్పింది.

"నువ్వు మాటిచ్చి పోయినప్పటి నుంచీ, సంత పొద్దు వచ్చిందంటే అరుగు మీద చాప పరుస్తాండె ఆయప్ప. ఎవురొస్తారని పరుస్తావు, ఎవురూ రాకపాయె అంటే, పాప వస్తాది, చెప్తాది, నలుగురు కూచునేదానికి ఉండాల గదా అంటాండె. పోయిన సంతకు కూడా పరిచినాడు."

నేను లేనప్పుడు నన్ను పాప అనే అనేవాడన్నమాట.

చాప మూలన చుట్టి నిలబెట్టి ఉంది. ఈత చాప. నేను లేచి వెళ్లి విప్పి చూశాను. వారానికి ఒక రోజు చొప్పున నాలుగేళ్లు అరుగు మీద ఉండి, ఎండ పడిన వైపు అంచు తెల్లగా వెలిసిపోయింది. మధ్యలో మాత్రం ఎవరూ కూర్చోలేదు కాబట్టి ఈనె ఒక్కటి కూడా విరగలేదు, కొత్తదానిలాగే ఉంది.